ఎండలో పడుకున్న తేదీ

లెమ్‌స్టర్ దాటాక ఆరు మైళ్ళు,
ఆపిల్ తోటల వెనక కిటికీల్లేని నాలుగు షెడ్లు.
తెల్లవారుజాము మూడున్నరకి
గ్లెనిస్ ప్రాథరో వ్యాను వెనకతలుపు తీసి
ఖాళీ పెట్టెలు లెక్కపెడుతుంది.
డెబ్బై ఒక్కేళ్ళు. మోకాలికి కట్టు.
ముప్ఫై ఏళ్ళు పోస్టుబండి నడిపిన చేతులు.

తన కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదనుకున్న
ముసలమ్మ సంగతి ఆమెకి చెప్పానోసారి.
నవ్వలేదు.
"ఇక్కడ తెల్లారేది స్విచ్చి వేస్తే," అంది,
"సూర్యుడి మాట వీటికి ఎవరూ చెప్పలేదు."

లోపల పదహారు వేలు.
పుట్టి డెబ్బై ఆరు వారాలు, ఈడు అయిపోయిందట.
ఏడింటికి లారీ వస్తుంది.
మాకిస్తానన్నవి మూడొందలు.

మొదటిసారి వచ్చినప్పుడు
మరీ చిక్కిపోయినవాటి కోసం వెతుకుతుంటే
నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.
"ఏరకు.
గుడ్డులోంచి వచ్చిన రోజే పుంజుల్ని ఏరి పారేశారు.
ఇంక ఏరడం చాలు.
తలుపు దగ్గర మొదలెట్టి పెట్టెలు నిండేదాకా తియ్యి.
వెనక్కి చూడకు."

చూశాను.
ఆ వరస చివర ఇప్పటికీ నా కంటికి ఆనలేదు.

హెరిఫర్డ్ ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే మనిషిని నేను.
ఎముక విరిగితే మనిషి అరుస్తాడు,
ఎక్కడో చూపిస్తాడు, ఫారం మీద సంతకం పెడతాడు.
కోడిని ఎత్తి రొమ్ము కింద వేలు పెడితే చాలు,
విరిగి, వంకరగా అతుక్కున్న ఎముక
తాళంచెవి పళ్ళలా తగులుతుంది.
ఒంట్లో సున్నమంతా
రోజుకో గుడ్డుకి వెల్ల వేసి వేసి
తనకి మిగుల్చుకోలేదు.
ఫిల్ము అక్కర్లేదు దీనికి.

షెడ్ల యజమాని బఫ్టన్
ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇస్తాడు, మొహాలు చూడడు.
బాంకు గురించి ఒక మాట, వాన గురించి రెండు.
పోయిన మార్చిలో మాత్రం
మూడొందలూ ఎక్కించాక
చంకలో ఒక కోడితో వ్యాను దగ్గరికొచ్చాడు.
"దీనికి నా బూటు లేసులంటే పిచ్చి," అని
పెట్టెలో పెట్టి, గబగబా వెళ్ళిపోయాడు.
గ్లెనిస్ పుస్తకంలో 300 కొట్టేసి
301 వేసింది. ఏమీ అనలేదు.

పబ్బులో ఉంటారు
కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్ళు:
"మూడొందలు తెస్తే ఏమైంది?
ఆ షెడ్డు మళ్ళీ నింపరా?"
నింపుతారు. నెల తిరక్కుండా.
"ఆ ప్రశ్న వాళ్ళు తాగాక అడుగుతారు," అంది గ్లెనిస్,
"నేను రాత్రి రెండింటికి లేచి అడుక్కుంటాను.
ఎలాగూ మెలకువ వచ్చింది కదా అని
బండి తీస్తాను."

ఆమె పుస్తకంలో పేర్లుండవు.
కాలి రింగు రంగు, అంకె, వచ్చిన రోజు.
నాలుగో గడి
మొదటిసారి ఎండలో పడుకున్న తేదీ.
రెక్క ఒక పక్కకి చాపి, మెడ వాల్చేసి
అచ్చం చచ్చినట్టే పడుకుంటాయి.
మొదట్లో నేను కెవ్వుమని పరుగెత్తాను.
కోడి ఒక కన్ను తెరిచి
నిద్ర చెడగొట్టిన చుట్టాన్ని చూసినట్టు చూసింది.

పచ్చ రింగు, నూట నలభై.
పదకొండు రోజులు బతికింది.
ఆ పదకొండు రోజులూ వానే.
నాలుగో గడి ఖాళీగా ఉంచింది గ్లెనిస్.
అబద్ధం రాయొచ్చు, ఎవరు చూడొచ్చారు?
రాయలేదు.
పేజీ తిప్పినప్పుడల్లా
బొటనవేలు అక్కడ కాసేపు ఆగుతుంది.

ఇవాళ పెట్టెలు కడుగుతున్నాం.
గొట్టంలో నీళ్ళు వేళ్ళు కొరికేస్తున్నాయి.
గురువారం ఇంకో షెడ్డు, ఈసారి రెండొందలేనట.
బూట్లు కట్టుకోడానికి మెట్టు మీద వంగాను.
లేసు రెండో కొస
ఎవరో పట్టుకుని లాగుతున్నారు.